క్వీన్ క్లోజర్ తెలిసిన మనిషి

మా ఆయన బాలమురళి గారితో పాతిళ్లున్న వీధిలో ఒక్కసారి నడిచి చూడండి, నా బాధేమిటో మీకే తెలుస్తుంది. మా అడిలైడ్‌లోనే నార్వుడ్ వైపు ఏ డాక్టరు దగ్గరికో వెళ్తాం. నేను నాలుగిళ్లు దాటి వెనక్కి తిరిగితే ఆయన మొదటి ఇంటి దగ్గరే ఉంటారు, ఎవరిదో ప్రహరీ మీదకి వంగి, గోడని వేలితో తడుతూ. దగ్గరికెళ్తే పాఠం మొదలు. గోడ మూల మీద పేర్చిన చెక్కుడు రాళ్లని క్వాయిన్లు అంటారట. మూల పక్కన అతుకు కుదరడానికి ఇటుకని నిలువునా చీల్చి పెడితే దాన్ని క్వీన్ క్లోజర్ అంటారట. రాణీ లేదు గీణీ లేదు, చీల్చిన ఇటుక. ఆయన ముఖం మాత్రం నిజంగా రాణిగారి దర్శనం చేసుకొచ్చినట్టు ఉంటుంది.

ఒకసారి ఆ ఇంటావిడ తలుపు తీసుకుని వచ్చి ఏం కావాలని అడిగింది. దారి తప్పామండీ అంటే పోయేది కదా. ఈయన చేతులు కట్టుకుని, "ఐ యామ్ మియర్లీ బిహోల్డింగ్ యువర్ పారాపెట్, మేడమ్" అన్నారు. పిట్టగోడని వీక్షిస్తున్నారట. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. మా అమ్మాయి గీతిక, యూనివర్సిటీలో చదువుతోంది, కారు సీట్లో ఎవరికీ కనపడకుండా కిందికి జారి కూర్చుంది. ఎవరూ బిహోల్డ్ అనరు నాన్నా అని ఇంగ్లీషులోనే విసుక్కుంది. ఎవరూ అనకపోతే నేనంటాను, మాట ఖాళీగానే ఉందిగా అన్నారు ఈయన.

ఆ ఇంగ్లీషు ఎక్కడిదో చెప్పాలి. ఈయన కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశారు. వాళ్ల పుస్తకం దొరల కాలంలో రాసినదట, అట్ట మార్చి మళ్లీ మళ్లీ అచ్చేసేవారు. అందులో గోడలన్నీ రాతివి, ఇటుకవి, సున్నంతో కట్టినవి. వాక్యాలన్నీ షల్‌లు, ఫోర్త్‌విత్‌లు, దేరాఫ్‌లు. రెండు మార్కుల ప్రశ్నలకి ఆ వాక్యాలు కామాలతో సహా అప్పజెప్పాలి. ఈయన అప్పజెప్పి క్లాసులో ఫస్టు వచ్చారు. తీరా రాజమండ్రిలో సూపర్‌వైజరుగా చేరితే అక్కడున్నవి అపార్టుమెంట్లు. పిల్లర్లు, బీములు, శ్లాబులు. క్వీన్ క్లోజరుతో ఎవరికీ పని పడలేదు. పైగా సూపర్‌వైజరంటే సారు. సార్లు తాపీ పట్టుకోరు, తాపీ పట్టుకునేది మేస్త్రి. ఈయన గొడుగు కింద నిలబడి చూసేవారు.

ఒక్క క్యూరింగ్ విషయంలో మాత్రం ఊరుకునేవారు కాదు. కట్టిన గోడకి, పోసిన పిల్లరుకి పూటపూటా నీళ్లు పెట్టాలి, లేకపోతే సిమెంటు గట్టిపడదు. పిల్లర్లకి గోనెపట్టాలు చుట్టించి, తెల్లారేసరికి వాచ్‌మన్‌ని నిద్రలేపి నీళ్లు కొట్టించేవారు. పెళ్లయిన కొత్తలో నన్ను సినిమాకని బయలుదేరదీసి దారిలో సైటు దగ్గర స్కూటరు ఆపారు. వాచ్‌మన్ కనపడలేదని తనే పైపు పట్టుకుని గోడలన్నీ తడిపారు. మేం హాలుకి వెళ్లేసరికి ఇంటర్వెల్. నా పట్టుచీర అంచంతా బురద. ఆ సినిమాలో హీరోకి, విలన్‌కి గొడవ ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు.

తర్వాత నా నర్సు ఉద్యోగం మీద వీసా వచ్చి అడిలైడ్ చేరాం. మాసన్ లేక్స్‌లో ఇల్లు తీసుకున్నాం. అక్కడన్నీ కొత్తిళ్లు. గోడని గట్టిగా తడితే పక్కగదిలో వాళ్లు ఎవరది అని అడుగుతారు, అంత పల్చన. ఈయన డిప్లొమా ఇక్కడ ఎవరికీ పట్టలేదు. ఐ బెగ్ టు సబ్మిట్ అని మొదలుపెట్టి కొన్నాళ్లు ఈమెయిళ్లు పంపారు, ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి ఒక గోడౌన్‌లో పెట్టెలు ఎక్కించే పనిలో చేరారు. సణగలేదు. నీవల్లే ఇక్కడికొచ్చానని నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఒళ్లుమంట. కోపం తెచ్చుకునే మనిషైతే గొడవపడి తేల్చుకోవచ్చు. ఈయన ఆదివారాలు పాత వీధుల్లోకి వెళ్లి గోడలకి పేర్లు చెప్పుకుని వచ్చేవారు. చదివిన చదువులో ఆయనకి మిగిలినవి ఆ మాటలే. అది నాకు తెలుసు కాబట్టే నోరు మూసుకుని కారు తాళాలు చేతిలో పెట్టేదాన్ని.

జైప్రకాష్ గారు పరిచయమైంది మా తెలుగువాళ్ల బార్బీలో, అంటే అందరం చేరి మాంసం కాల్చుకు తినే పార్టీలో. ఆయన ఫిజీ తెలుగాయన. ఎనభై ఏడులో అక్కడ సైన్యం గద్దెనెక్కాక సర్దుకుని వచ్చేసిన కుటుంబం. వాళ్ల ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి వెళ్లి ఓడెక్కి చెరకు తోటల్లోకి కూలికి వెళ్లాడట. జైప్రకాష్ గారి తెలుగంతా వాళ్ల అవ్వ నేర్పిన తెలుగే, చిన్నపిల్లాడికి కావలసినంత. అది అయిపోతే హిందీలోకి దిగుతారు, అదీ చాలకపోతే ఇంగ్లీషు. పాత రాతి ఇళ్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక ఇటలీ ముసలాయన దగ్గర నేర్చుకున్నారట.

ఆ బార్బీ జరిగిన హాలు పాత రాతి కట్టడం. జనమంతా చికెన్ దగ్గర ఉంటే మా ఆయన గోడ దగ్గర. కాసేపటికి చూద్దును కదా, జైప్రకాష్ గారు ప్లేటు పట్టుకుని ఈయన వెనకే నడుస్తూ ఒక్కో రాయి చూపించి ఇదేంటి అని అడుగుతున్నారు, ఈయన పుస్తకంలో వాక్యం ఉన్నదున్నట్టు అప్పజెబుతున్నారు. హాలు చుట్టూ ప్రదక్షిణం పూర్తయింది. జైప్రకాష్ గారికి అదొక సరదాగా ఉంది. ఈ మాటల్లో కొన్ని మా ఇటలీ ముసలాయన పోయాక మళ్లీ వినలేదన్నారు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేశారు, తాపీ ఎప్పుడైనా పట్టుకున్నావా అని. మా ఆయన తల దించుకుని లేదన్నారు.

అయినా పిలిచారు. నార్వుడ్‌లో ఒక పెద్దావిడ ఇల్లు చేస్తున్నాను, ఒక గోడ మిగిలింది, అది అయ్యేదాకా రా. చెయ్యి కుదిరితే నాతోనే ఉంచుకుంటాను, కుదరకపోతే ఇంటికి పంపిస్తాను, ఇందులో మొహమాటం లేదు. ఇదీ ఆయన మాట.

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద రభస. రభస అంటే నేనొక్కదాన్నే అరిచాననుకోండి. యాభై దాటిన మనిషి, నడుం నొప్పి, గోడౌన్‌లో పర్మినెంటు ఉద్యోగం, ఎండల్లో రాళ్ల పనేమిటని కడిగేశాను. ఆయన అంతా విని, అన్నం కలుపుకుంటూ, "ఈ ఒక్కసారి చూస్తాను రత్నం. కుదరకపోతే గోడౌన్‌కే పోతాను. మళ్లీ నీ దగ్గర ఈ గోడల మాట ఎత్తను" అన్నారు.

ఆ మాటలు మానేస్తే ఈ మనిషిలో ఇంకేం మిగులుతుందని భయమేసింది. మర్నాడే గోడౌన్‌లో కొన్ని వారాలు లీవు పెట్టమని నేనే చెప్పాను.

పెద్దావిడ పేరు మార్జరీ. తొంభైకి దగ్గర పడింది. ఇల్లు ఆవిడ తాతలనాటిది, నీలిరంగు రాయితో కట్టినది. ఈ ఊళ్లో పాతిళ్లకి ఒక రోగం ఉంది. నేలలోని ఉప్పు తేమతో పాటు గోడలోకి ఎక్కి రాయిని పిండిపిండిగా రాల్చేస్తుంది. అది ఆగాలని ఎప్పుడో ఒక మహానుభావుడు రాళ్ల సందుల్లో సిమెంటు కూరాడు. లోపలి తేమకి బయటికొచ్చే దారిలేక రాయే దెబ్బతింది. ఇప్పుడా సిమెంటంతా తీసేసి సందుల్లో మళ్లీ సున్నం, ఇసుక కలిపిన మాలు పెట్టాలి. పని అంతే. చెప్పుకోవడానికి ఎంత సులువో చూశారా.

మొదటిరోజు మార్జరీ పని ఎలా సాగుతోందని అడిగితే ఈయన, గోనెపట్టాలు థ్రైస్ తడిపానని చెప్పారట. మూడుసార్లు అనడానికి ఇక్కడెవరూ థ్రైస్ అనరు. మా నాన్న పోయాక ఈ మాట ఈ ఇంట్లో వినపడలేదని ఆవిడ మురిసిపోయి టీ ఇచ్చింది. ఇద్దరికీ జత కుదిరింది. ఆవిడ వంటింటి వెనక అంట్లు తోముకునే గదిని స్కల్లరీ అంటుంది, సరుకులు పెట్టుకునే గదిని లార్డర్ అంటుంది, పెరట్లో పాత మరుగుదొడ్డిని ప్రివీ అంటుంది. ఈయన ఆ మాటలన్నీ పుస్తకంలో ఇంటి ప్లాను బొమ్మ మీద చదివి, పరీక్షలో గీసి, మార్కులు తెచ్చుకున్నవే. ఎప్పుడూ చూసినవి కావు. ఇవాళ స్కల్లరీలో నిలబడ్డాను రత్నం అని ఆ సాయంత్రం చెప్పినప్పుడు ఆయన గొంతులో సంతోషం విని నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

మాటల వరకు బాగుంది. చెయ్యి దగ్గరే వచ్చింది చిక్కు. మాలు తాపీ మీద నిలవదు. నిలిస్తే సందులోకి పోదు. పోయినట్టే పోయి కాలి మీద పడుతుంది. జైప్రకాష్ గారు పక్కనే చకచకా గజం గోడ నింపేస్తే ఈయన జానెడు నింపి దానికే చెమటలు కక్కేవారు. సున్నం వేళ్లు తినేసింది. రోజూ సాయంత్రం నేను కొబ్బరినూనె రాస్తుంటే ఆయన కళ్లు మూసుకుని, ఇవాళ నాలుగు సందులు బాగా వచ్చాయని, ఇవాళ ఒకటే వచ్చిందని చెప్పేవారు. బాగా వచ్చిన రోజు నాకూ తిండి సయించేది. రాని రోజు నేను ఆ జైప్రకాష్ గారిని మనసులో తిట్టుకునేదాన్ని, ఆయన తప్పేం లేకపోయినా.

అలా అలా చెయ్యి కాస్త తిరిగింది. ఇక్కడ నవంబరంటే ఎండలు మొదలు. ఆ నెలలో ఒక శుక్రవారం, కిటికీ పక్క నుంచి మూల దాకా ఉన్న ముక్క జైప్రకాష్ గారు పూర్తిగా ఈయనకే వదిలేశారు. సాయంత్రానికి ఈయన నింపేశారు. జైప్రకాష్ గారు చూసి, తడి గోనెపట్టాలు వేలాడదీశారు. ఎండ ఎక్కువుంటుందట, ఈ పట్టాల మీద చేతి స్ప్రేతో పలచగా కొడుతుండమని మార్జరీకి చెప్పారు. ఈయనకి కూడా ఆ మాటే చెప్పి, ఇంటికెళ్లి పడుకో, ఆదివారం నేనొచ్చి చూస్తానన్నారు.

శనివారం పొద్దున్నే మాడ్చే ఎండ, నలభై డిగ్రీలు దాటుతుందన్నారు. ఈయన ఇంట్లో నిలవలేకపోయారు. కిటికీ దగ్గరికి వెళ్లడం, ఆకాశం చూడటం, రావడం. నేను సరుకులకి బయలుదేరుతుంటే నేనూ వస్తానని కారెక్కారు. సగం దారిలో, ఒక్కసారి గోడ చూసుకుని పోదామా అన్నారు. సరే అన్నాను.

మార్జరీ నన్ను లోపల కూర్చోబెట్టి టీ పెడుతోంది. ఆయన పక్కగా గోడ దగ్గరికెళ్లారు. కాసేపటికి కిటికీలోంచి చూస్తే కింద కాలిబాట మీద తెల్లగా ఏదో పారుతోంది. పాలు ఒలికాయేమో అనుకున్నాను. ఇంటి బయట పాలెక్కడివని బుర్రకి తట్టి పరుగెత్తాను.

ఈయన పట్టాలు ఎత్తి పక్కన పెట్టి, తోట పైపు తిప్పి, మూతి మీద బొటనవేలు అడ్డుపెట్టి గోడని తడిపేశారు. రాజమండ్రిలో ఎలా తడిపేవారో అలాగే, నీళ్లు కారేదాకా. సిమెంటుకి అది మందు. సున్నానికి విషం. సున్నం నెమ్మదిగా గాలి పీల్చుకుని గట్టిపడుతుంది, పక్కన కాస్త చెమ్మ ఉంటే చాలు, ధార కొడితే కొట్టుకుపోతుంది. జైప్రకాష్ గారు చెప్పినది చెవిలో పడింది, చెయ్యి మాత్రం ఇంకా రాజమండ్రిలోనే ఉంది. మాలంతా సందుల్లోంచి జారిపోయింది. నీలిరాయి మీద పైనుంచి కిందదాకా తెల్లటి చారలు. ఆయన పైపు కూడా కట్టేయకుండా నిలబడిపోయారు. నేనే వెళ్లి కుళాయి కట్టేశాను.

మార్జరీ చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చింది, చూసింది. ఎండకి ఇలా అయిందని చెబుదాంలే అంది. పాపం, మంచి మనసుతోనే అంది. ఈయన తల అడ్డంగా ఊపి అక్కడి నుంచే జైప్రకాష్ గారికి ఫోన్ చేసి, గోడ పాడుచేశాను, పైపు పెట్టాను అని చెప్పారు.

జైప్రకాష్ గారు వచ్చారు. అరవలేదు. అరిచినా బాగుండేది. గోడ మొత్తం చూసి, రేపొచ్చి మిగిలిన మాలంతా తీసెయ్యి, మిషను పెట్టకు, ఉలితో తియ్యి, రాయి మీద మరకలు తుడిచి వెళ్లిపో, గోడ నేను చేసుకుంటానని ఇంగ్లీషులో చెప్పి కారెక్కారు. వెళ్లిపో అన్న మాటకి అర్థం మా ఇద్దరికీ తెలుసు. సరుకుల సంగతి ఇద్దరం మర్చిపోయాం. చెప్పులు విడుస్తూ ఆయన, సోమవారం నుంచి గోడౌన్‌కి వస్తానని మెసేజ్ పెట్టేస్తానన్నారు. ఊరికే ఉండలేక ఆ నీళ్ల పిచ్చి ఏమిటని తిడదామనుకున్నాను. తీరా నాకే ఏడుపొచ్చింది, బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆదివారం నేనూ వెంట వెళ్లాను. వద్దన్నారు, వినలేదు. ఆయన గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని సన్న ఉలితో, చిన్న సుత్తితో మొదలుపెట్టారు. తడిసిన మాలు కొంత తేలిగ్గానే వచ్చింది, లోపలిది పట్టుకుంది. ఒక్కో సందు గీరడం, దుమ్ము ఊదడం, వేలు పెట్టి లోతు చూడటం, మళ్లీ గీరడం. నేను బకెట్లో స్పాంజి పిండి ఇస్తే మరకలు తుడిచారు. ఆ రోజంతా ఒక్క పాత మాట ఆయన నోట రాలేదు. క్వాయిన్ పక్కనే కూర్చుని దాని పేరెత్తలేదు. మార్జరీ ఒక కుర్చీ వేయించుకుని నీడలో కూర్చుంది. నడుం పట్టేసి లేవలేకపోతే నేను చెయ్యిచ్చాను. లేచి నిలబడి, నాలుగడుగులు వేసి, మళ్లీ కూర్చున్నారు.

ఎండ వాలాక జైప్రకాష్ గారు వచ్చారు. సందులన్నీ ఖాళీ అయ్యాయి, రాయి శుభ్రంగా ఉంది. ఆయన వంగి మూల నుంచి కిటికీ దాకా ప్రతి సందులోనూ వేలు పెట్టుకుంటూ నడిచారు. మళ్లీ కిటికీ నుంచి మూలకి వచ్చారు. రాళ్ల అంచులు తడిమి చూశారు. పాడుచేసుకున్న పని తీసేటప్పుడు మనిషికి ఉక్రోషం వస్తుందట, గట్టిగా కొడతాడట, అంచులు పగులుతాయట. అందుకే ఆయన చూసేది అంచులనే. ఒక్క అంచు కూడా పోలేదు.

ఈ గోడ మళ్లీ ఎవరు పెడతారని మార్జరీ అడిగింది. జైప్రకాష్ గారు మా ఆయన వైపు తిరిగి, అవ్వ నేర్పిన తెలుగులో, "రేపు పొద్దున రా. గోడ నువ్వు పెట్టు. నీళ్లు నేను పెడతా" అన్నారు.

మా ఆయన గోడ వైపు తిరిగి చేతుల్లో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. వాళ్ల నాన్న పోయినప్పుడు కూడా నేనలా చూడలేదు. జైప్రకాష్ గారు ఏమీ ఎరగనట్టు సుత్తి, ఉలి ఏరి డబ్బాలో సర్దుకున్నారు.

సోమవారం టిఫిన్ తింటుంటే గోడౌన్ నుంచి ఫోన్ వచ్చింది, షిఫ్టుకి వస్తున్నావా అని. ఈయన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకునే, "నో, మేట్. ఐ యామ్ ఎ మేసన్ నౌ" అని పెట్టేశారు. గీతిక నావైపు చూసింది. నేను గీతిక వైపు చూశాను. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

ఆయన కారు మలుపు తిరిగాక నాకు ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించి కాకినాడలో ఉన్న మా అక్క శ్రీదేవికి ఫోన్ చేశాను. మీ మరిది గారు ఇప్పుడు తాపీ మేస్త్రి అక్కా అన్నాను. అక్క నిట్టూర్చి, అయ్యో, అంత చదువు చదివి చివరికి తాపీ పనా, ఎంత కష్టమొచ్చిందే రత్నం అని ఏడుపు గొంతుతో అంది.

"కష్టం కాదక్కా, ఇన్నాళ్లకి ఆయన చెయ్యి కుదిరింది" అని నేను ఫోన్ పెట్టేశాను.